నెలోర్ మెడలో గాలి డబ్బా

(తెరపై: పచ్చిక బయలు, తెల్లటి మంద)

ఎత్తైన మూపురం, తెల్లటి ఒళ్లు, వేలాడే గంగడోలు. చూడగానే ప్రకాశం జిల్లా అనేస్తాం. కానీ ఇది బ్రెజిల్. మన ఒంగోలు పశువులు 19వ శతాబ్దంలోనే ఓడలెక్కి అక్కడికి చేరాయి, 1960ల్లో మరో విడత వెళ్లాయి. అక్కడ వీటిని నెలోర్ అంటారు. మన నెల్లూరు పేరే! బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. మాంసం కోసం పెంచే మందల్లో ఎక్కువ భాగం ఈ రక్తమే.

(దగ్గరగా: పశువు ముక్కు)

ముక్కు పక్కన సన్నటి గొట్టం కనిపిస్తోందా? అది మెడకు కట్టిన డబ్బాలోకి వెళ్తుంది. ఈ పశువు త్రేన్పుల్లో మీథేన్ ఎంతుందో కొలిచే ఏర్పాటు ఇది.

మేసిన గడ్డిని పెద్ద పొట్టలో సూక్ష్మజీవులు పులియబెడతాయి. అప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. దాన్ని కార్బన్ డయాక్సైడ్‌తో కలిపి మీథేన్ చేసే జీవులూ అక్కడే ఉంటాయి. ఆ గ్యాస్ వెనక నుంచి పోతుందనుకుంటారు చాలామంది. నిజానికి దాదాపు అంతా నోటి నుంచే వస్తుంది. 100 ఏళ్ల లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కన్నా సుమారు 28 రెట్లు ఎక్కువ వేడెక్కిస్తుంది.

మరి ఆరుబయట తిరిగే పశువు త్రేన్పును కొలిచేదెలా? పొట్టలోకి చిన్న గొట్టం ఒకటి వేస్తారు. దాంట్లోంచి సల్ఫర్ హెక్సాఫ్లోరైడ్ అనే వాయువు మెల్లగా వస్తుంటుంది, రోజుకెంత వస్తుందో ముందే తెలుసు. డబ్బాలోని గాలి ముందుగా తోడేస్తారు కాబట్టి, అది రోజంతా ముక్కు దగ్గరి గాలిని కొద్దికొద్దిగా లాక్కుంటుంది. మర్నాడు ల్యాబ్‌లో రెండు వాయువులూ ఏ పాళ్లలో ఉన్నాయో చూస్తే మీథేన్ లెక్క తేలుతుంది. పశువును గదిలో బంధించే పనే లేదు. దాని మేత దానిదే. ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చింది ఇదే.

(తెరపై: చెట్ల వరసల మధ్య మేస్తున్న మంద)

పచ్చిక చచ్చిన నేలలో గిత్త ఎదగడానికి ఏళ్లు పడుతుంది. కబేళాకు వెళ్లేదాకా రోజూ త్రేన్పులే! అదే మంచి గడ్డి దొరికితే తొందరగా బరువెక్కుతుంది, కిలో మాంసానికి మీథేన్ తగ్గుతుంది. అందుకే బ్రెజిల్ ప్రభుత్వ పరిశోధన సంస్థ ఎంబ్రాపా పచ్చికను బాగుచేయడం మీద ఇంత శ్రద్ధ పెట్టింది. 1984లో మరాండు అనే బ్రాకియేరియా గడ్డి రకాన్ని విడుదల చేసింది. కాంపో గ్రాండేలోని దాని కేంద్రం మరో అడుగు వేసింది. గడ్డి మధ్య యూకలిప్టస్ వరసలు నాటి, ఆ కాండం పట్టి ఉంచే కార్బన్‌ను మంద వదిలే మీథేన్‌కు చెల్లువేస్తారు. ఆ కలప ఫర్నిచర్‌లాంటి వాటికి పోవాలి. పొయ్యిలోకి పోతే కార్బన్ మళ్లీ గాల్లోకే.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అమెజాన్‌లో, సెరాడో అనే బ్రెజిల్ సవన్నాలో చెట్లు నరికి పచ్చిక వేస్తే ఈ లెక్కలేవీ నిలవవు. ఏళ్లతరబడి చెట్లూ నేలా దాచుకున్న కార్బన్ ముందు నాలుగు యూకలిప్టస్ వరసలు ఏ మూలకు? ఉన్న పచ్చికనే బాగుచేసుకోవాలి.

(తెరపై: మధ్యాహ్నం, చెట్ల నీడలో నెమరేస్తున్న ఆవు)