ముందు ప్రింటరా, ముందు కట్టరా?

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు ఫోన్-ఇన్‌లో సైన్‌బోర్డుల పని గురించి మాట్లాడుకుందాం. నెల్లూరు ట్రంకు రోడ్డు దుకాణాలకు కుంచెతో బోర్డులు రాసిన రోజుల నుంచి ఈ పనిలోనే ఉన్న పెద్దాయన మనతో ఉన్నారు. మొదటి కాల్ కావలి నుంచి. చెప్పండమ్మా.

కాలర్ (కావలి): నమస్కారం సార్. నేను, మా ఆయన కలిసి స్టిక్కరింగ్ షాపు పెట్టి ఆరేళ్లయింది. స్టిక్కర్ షీటు కోసే రెండడుగుల కట్టర్ మెషిన్ ఒకటుంది. ఫ్లెక్సీలు, ప్రింట్ స్టిక్కర్లు నెల్లూరులో వేయించి బస్సు పార్శిల్‌లో తెప్పించుకుంటాం. ఇప్పుడు పని పెరిగింది. లోన్ తీసుకుని పదడుగుల ఫ్లెక్స్ మెషిన్ పెడదామని ఆయన అంటున్నారు. నాకేమో టెన్షన్‌గా ఉంది.

నిపుణుడు: బయట వేయించే పనిలో ఫ్లెక్స్ ఎంత, స్టిక్కర్లు వేసే వినైల్ షీటు ఎంత? లెక్క ఉందామ్మా?

కాలర్: మూడు నెలల బిల్లులు ముందేసుకునే ఫోన్ చేశాను సార్. నెలకు ఫ్లెక్స్ 2,000 చదరపు అడుగులు. వినైల్ 900 దాకా ఉంటుంది. రొయ్యల మేత షాపుల బోర్డులు, స్కూలు బస్సుల స్టిక్కర్లు, క్లినిక్ బోర్డులు.

నిపుణుడు: సగం జవాబు ఆ బిల్లుల్లోనే ఉంది. ఆ పదడుగుల ఫ్లెక్స్ మెషిన్ సాల్వెంట్ అనే ద్రావకం కలిపిన ఇంకుతో గంటకు వందల అడుగులు కొడుతుంది. మీ నెల ఫ్లెక్స్ దానికి ఒక్కరోజు పని. మిగతా రోజులు ఊరికే ఉంటే, ఇంకు చిమ్మే హెడ్‌లో ఇంకు ఎండిపోతుంది. అందుకని పనున్నా లేకున్నా రోజూ కాస్త ఇంకు ఒలకబోసి శుభ్రం చేయాలి. పైగా ఫ్లెక్స్‌లో అందరూ రేటు తగ్గించుకుంటూ పోతారు, మిగిలేది తక్కువ. ఇంకో మాట. 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీలు నిషేధిస్తున్నామని ప్రకటించారు. అప్పటికి నా బతుకంతా ఒక్క ఫ్లెక్స్ మెషిన్ మీదే నడుస్తోంది. ఆ రాత్రి నాకు కంటి మీద కునుకు లేదు. ఒక్క సరుకు మీద షాపంతా నిలబెట్టకూడదని నాకు తెలిసింది ఆ రోజే.

కాలర్: మరి ఏది కొనమంటారు సార్?

నిపుణుడు: మీకు డబ్బు మిగిల్చేది ఆ 900 అడుగుల వినైల్. దానికి ఘాటు తక్కువ ఇంకుతో నడిచే ఐదారడుగుల ఎకో సాల్వెంట్ ప్రింటర్ సరిపోతుంది. వాసన తక్కువే, అయినా గదికి గాలి ఆడాలి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాల్సిందే. చిన్న ఫ్లెక్సీలు కూడా దాని మీదే వేసుకోవచ్చు. ప్రింటు, కటింగు రెండూ చేసే మెషిన్ చూపించి డీలరు ఆశపెడతాడు. నేనైతే వేరువేరుగానే కొంటాను. ఒకే మెషిన్ అయితే కోస్తున్నంతసేపూ ప్రింటు ఆగిపోతుంది. పైగా బయట ఎండకు ఉండే స్టిక్కర్‌కు మధ్యలో లామినేషన్ చేయాలి కదా, అంటే పైన పారదర్శకమైన పొర అతకాలి, అప్పుడు రోల్ తీసి, లామినేట్ చేసి, మళ్లీ ఎక్కించాలి.

వ్యాఖ్యాత: లామినేషన్ ప్రింటు తీసిన వెంటనే చేసేయొచ్చా?

నిపుణుడు: ఆ తప్పు నేనే చేశాను. బస్సు స్టిక్కర్లు తెల్లారేసరికి కావాలన్నారని సాయంత్రం ప్రింటు తీసి రాత్రికే లామినేట్ చేశాను. చేత్తో తడిమితే ఆరినట్టే ఉంది. కానీ ఇంకులోని సాల్వెంట్ లోపలే ఉండిపోయి జిగురును మెత్తబరిచింది. మూడో వారానికల్లా అంచులు లేచి చుట్టుకుపోయాయి. మొత్తం పీకి, మళ్లీ నా ఖర్చుతో వేశాను. రోల్ వదులుగా విప్పి కనీసం 24 గంటలు ఆరనివ్వాలమ్మా. కస్టమర్ ఎంత తొందరపెట్టినా ఆ ఒక్కరోజు అడిగి తీసుకోండి.

కాలర్: మా దగ్గర కరెంటు పోతూ వస్తూ ఉంటుంది సార్.

నిపుణుడు: అయితే యూపీఎస్ ధర కూడా మెషిన్ ధరలోనే కలుపుకోండి. ప్రింటు అయిపోగానే హెడ్ పక్కకు వెళ్లి రబ్బరు క్యాప్ మీద కూర్చుంటుంది, చంటిబిడ్డ నోట్లో పాలపీక పెట్టినట్టు. మధ్యలో కరెంటు పోతే ఉన్నచోటే, గాలికి తెరుచుకుని ఆగిపోతుంది. ఓ పూట అలా వదిలేస్తే హెడ్‌లోని సన్నటి రంధ్రాలు, అదే నాజిల్స్, మూసుకుపోవచ్చు. మెషిన్‌లో అన్నిటికన్నా ఖరీదైన ముక్క ఆ హెడ్డే. ఎర్తింగ్ కూడా సరిగా చేయించండి. ఆ గదికి ఏసీ మన సుఖం కోసం కాదు, సముద్రపు గాలి, రోహిణి కార్తె వేడి రెండూ ప్రింటుకు పడవు.

వ్యాఖ్యాత: లోన్ సంగతి?

నిపుణుడు: చిన్న వ్యాపారాలకు ఇచ్చే కేంద్రం వారి ముద్ర పథకంలో తరుణ్ అనే రకం లోన్ 10 లక్షల వరకు ఉంది. ఆ తరుణ్ లోన్ తీసుకుని సక్రమంగా కట్టేసినవాళ్లకు 2024 నుంచి 20 లక్షల దాకా ఇస్తున్నారు. ఎంత వచ్చినా మొత్తం మెషిన్‌కే పెట్టకండి. మూడు నెలల ఇంకు, వినైల్ డబ్బు పక్కన పెట్టుకోండి.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ చీమకుర్తి నుంచి.

కాలర్ (చీమకుర్తి): సార్, గ్రానైట్ ఫ్యాక్టరీలకు యాక్రిలిక్ అక్షరాలు, ఏసీపీ బోర్డులు చేస్తాం. ఏసీపీ అంటే ప్లాస్టిక్‌కు రెండువైపులా అల్యూమినియం రేకు అతికిన షీటు. కోయడానికి లేజర్ మెషిన్ కొనాలా, తిరిగే బిట్టుతో కోసే రౌటరా?

నిపుణుడు: మీ బిల్లుల్లో ఏసీపీ ఎక్కువుంటే రౌటర్. సీఓటూ లేజర్, అంటే కార్బన్ డయాక్సైడ్ వాయువుతో పనిచేసేది, ఏసీపీని కోయలేదు, పైనున్న అల్యూమినియం దాని కాంతిని వెనక్కి కొడుతుంది. యాక్రిలిక్‌కు మాత్రం లేజర్ అంచు అద్దంలా వస్తుంది, పాలిష్ అక్కర్లేదు. రౌటర్‌కు చాలావాటికి త్రీ ఫేజ్ కరెంటు కావాలి, అడ్వాన్సు ఇచ్చేముందే మీటరు చూసుకోండి. లేజర్ కొంటే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. సన్‌బోర్డు అనే ఫోమ్ షీటు, వినైల్ దాని మీద పెట్టొద్దు. రెండూ పీవీసీ ప్లాస్టిక్కే. కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ అనే విషవాయువు వస్తుంది. మెషిన్ తుప్పు పట్టడం తర్వాతి సంగతి, ముందు పక్కన నిలబడ్డ కుర్రాడి ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. మీ దగ్గర పనిచేసే పిల్లలకు ఈ సంగతి ఒకటికి పదిసార్లు చెప్పండి.

వ్యాఖ్యాత: మళ్లీ కావలి నుంచే ఇంకో కాల్.

కాలర్ (కావలి): సార్, ఇందాక మాట్లాడింది మా ఇంట్లోవాళ్లే. మీరు ఫ్లెక్స్ మెషిన్ వద్దన్నారు, సరే. మరి ఉన్న కట్టర్‌తో ప్రింట్ స్టిక్కర్లు కోసుకోవచ్చా? ఇప్పుడు కత్తెరతోనే కోస్తున్నాం.

నిపుణుడు: ముందు దాని బ్లేడు సంగతి చెప్పు బాబూ. టెస్ట్ కట్ చేస్తున్నావా?

కాలర్: చేస్తాను సార్. చిన్న గుండ్రం, లోపల చదరం.

నిపుణుడు: ఆ చదరం మూల సూదితో లేపి చూడు. వినైల్ ఒక్కటే లేవాలి. దాని వెనక కాగితం మీద గోటితో గీసినట్టు సన్నటి గీత కనబడితే చాలు. కాగితం చిరిగితే బ్లేడు ఎక్కువ బయటికొచ్చింది. మూలలు లేవకపోతే మొన అరిగింది. సరే, కట్టర్ తల కింద ఏముంది? ఎక్కడ కోయాలో తెలిసేలా ప్రింటు చుట్టూ వేసే మార్కులు తనంతట తానే చదివే సెన్సారా, ఎర్ర చుక్క లైటా?

కాలర్: ఎర్ర చుక్కే సార్.

నిపుణుడు: అది నువ్వు చేత్తో గురిపెట్టాల్సిన రకం. నాలుగు స్టిక్కర్లకు పర్లేదు, నాలుగు వందలకు ఒక్కో షీటు అర మిల్లీమీటరు జరుగుతూ పోతుంది. నా మాట విను. ఇందాక మీ ఇంట్లోవాళ్లకు చెప్పిన ఎకో సాల్వెంట్ ప్రింటర్ ఆర్నెల్లు ఆపు. ముందు సెన్సార్ ఉన్న నాలుగడుగుల కట్టర్, వేడి లేకుండా పొర అతికే ఒక కోల్డ్ లామినేషన్ మెషిన్ కొను. ప్రింటు నెల్లూరులోనే వేయించు. లామినేషన్, కటింగ్ కావలిలో నువ్వు చేసుకో. ఆర్నెల్ల బిల్లులు చూసి వినైల్ పెరిగితే అప్పుడు ప్రింటర్.

కాలర్: ఫైల్ ఎలా పంపాలి సార్?

నిపుణుడు: ఆ కట్టర్ సాఫ్ట్‌వేర్‌లోనే మార్కులు పెట్టి పంపు. ఒక్కో కంపెనీ మార్కు ఒక్కో రకం. సైజు మార్చకుండా ఉన్నదున్నట్టు ప్రింటు వేయమని గట్టిగా చెప్పు. మెరిసే లామినేషన్ వేస్తే సెన్సార్ తికమకపడొచ్చు. అప్పుడు మార్కు మీద మెరవని చిన్న మ్యాట్ టేపు ముక్క అంటించు, చదువుతుంది.

కాలర్: ఫ్లెక్స్ మెషిన్ డీలరుకు అడ్వాన్సు రేపు ఇస్తానన్నాను సార్. పొద్దున్నే ఫోన్ చేసి ఆపుతాను.

నిపుణుడు: ఆపు. అదే ఫోన్‌లో కట్టర్ సర్వీసు ఇంజనీరు ఏ ఊళ్లో ఉంటాడో కూడా అడుగు.