శాస్త్రవేత్తను ఏమని అడగాలి?

(తెరపై: ప్రయోగశాలలో పరికరాల పక్కన మాట్లాడుకుంటున్న ఇద్దరు)

వ్యాఖ్యానం: మన ప్రాంతంలోని శాస్త్రవేత్తలతో, ఇంజనీర్లతో కెమెరా ముందు జరిపే సంభాషణలు చాలావరకు "ఏం కనుగొన్నారు, దానివల్ల ఉపయోగమేమిటి" అన్న రెండు ప్రశ్నలతోనే ముగుస్తాయి. అవి అడగవలసినవే. అయితే పరిశోధకుల శ్రమలో పెద్ద భాగం తమ ఫలితాన్ని తామే శంకించి పరీక్షించుకోవడానికి వెచ్చించేది కాబట్టి, "ఇది మరో కారణంవల్ల వచ్చినది కాదని ఎలా నిర్ధారించుకున్నారు?" అని అడగనంతవరకు అసలు పరిశోధన ప్రేక్షకులకు చేరదు.

(తెరపై: జెనీవా నుంచి ఇటలీ వరకు భూమి లోపలుగా సాగే గీత)

వ్యాఖ్యానం: 2011 సెప్టెంబరులో న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలను పరిశీలించే ఒపెరా ప్రయోగ బృందం ఒక విస్మయకరమైన ఫలితాన్ని ప్రకటించింది. కాంతికన్నా వేగంగా ఏదీ పోలేదన్నది భౌతికశాస్త్రపు మూలసూత్రం; కానీ జెనీవా దగ్గరి కణభౌతిక పరిశోధన కేంద్రమైన సెర్న్ నుంచి బయలుదేరిన న్యూట్రినోలు, సుమారు 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలో ఉన్న గ్రాన్ సాసో భూగర్భ ప్రయోగశాలకు కాంతికన్నా దాదాపు 60 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వందకోట్లవ వంతు) ముందుగా చేరినట్లు వారి కొలతల్లో కనిపించింది. ఆ కొలతలో ఉండగల దోషం సుమారు 10 నానోసెకన్లేనని వారు లెక్కగట్టారు. ఎంత వెదికినా లోపం దొరకకపోవడంతో, తమ ఫలితాన్ని పరిశీలించవలసిందిగా తోటి శాస్త్రవేత్తలనే కోరారు. చివరికి 2012లో, జీపీఎస్ కాలసంకేతాన్ని చేరవేసే ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగా బిగిసి లేదని, అందువల్లే కాలం కొలత తప్పిందని బయటపడింది.

దోషపు అంచనాలో పరిశోధకులకు తోచిన లోపాలు మాత్రమే ఉంటాయి. తోచనివి అందులో చేరవు. అందువల్ల ఫలితంతోపాటు "ప్లస్ ఆర్ మైనస్" అని చెప్పే దోషపు అంకెను ఎడిటింగులో తీసివేయకూడదు, అందులో ఏయే లోపాలను లెక్కించారో కూడా అడగాలి.

(తెరపై: కొమ్ము ఆకారపు భారీ ఆంటెనా)

వ్యాఖ్యానం: ఇదే శంక ఒక్కొక్కసారి ఆవిష్కరణకు దారితీస్తుంది. 1964లో అమెరికాలోని హోల్మ్‌డెల్‌లో రేడియో ఖగోళ శాస్త్రవేత్తలు ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ తమ ఆంటెనాలో ఎటు తిప్పినా తగ్గని రేడియో రొదను గమనించారు. లోపల చేరిన పావురాల రెట్టను సైతం శుభ్రం చేశారు, రొద పోలేదు. అది విశ్వపు తొలిదశ నాటి వికిరణమని వివరించింది మాత్రం ప్రిన్స్‌టన్‌లోని భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ డికీ బృందం. పెంజియాస్, విల్సన్‌లకు 1978లో నోబెల్ బహుమతి లభించింది. కనుక "మీకు అర్థం కాని ఫలితాన్ని గురించి మొదట ఎవరితో మాట్లాడారు?" అన్నది ప్రతి పరిశోధకుణ్ణీ అడగదగిన ప్రశ్న అని మా అభిప్రాయం.

(తెరపై: పరీక్షా యంత్రంలో వంగుతున్న ఉక్కు దూలం)

వ్యాఖ్యానం: ఇంజనీర్ల విషయంలో ప్రశ్న కొంత మారుతుంది. ఈ నిర్మాణం ఎంత భారం వద్ద విఫలమవుతుంది, ఆ సంఖ్య గణన ద్వారా వచ్చిందా, లేక నమూనాను విరగ్గొట్టి తెలుసుకున్నారా?

ఇలా అడగాలంటే, ముందుగా వారి పరిశోధన పత్రంలో కనీసం పద్ధతులను వివరించే భాగాన్నైనా చదివి వెళ్లాలి. రికార్డింగు ముగిశాక అంకెలను, ప్రమాణాలను వారితో మరొకసారి సరిచూసుకోవాలి. ఏ ప్రశ్న ఉంచాలో, ఏది తీసివేయాలో నిర్ణయించే అధికారాన్ని మాత్రం మన దగ్గరే ఉంచుకోవాలి.