పన్నులో సిమెంటు బలం ఎక్కడుంది?

అందరికీ నమస్కారం.

మన విజయవాడలో పిప్పి పన్నుకు ఫిల్లింగ్ చేయించుకున్నవారు "పన్నులో సిమెంటు పెట్టించుకున్నాను" అంటారు. మా డాక్టర్లలో కొందరు ఆ మాటను సరిదిద్దుతారు. నేను సరిదిద్దను. పంటి రంగులో కలిసిపోయే కాంపోజిట్ రెజిన్ నిజంగానే కాంక్రీటుకు దగ్గరి చుట్టం. కంకర స్థానంలో కంటికి ఆనని గాజు, సిలికా రేణువులు, వాటిని పట్టి ఉంచడానికి రెజిన్. మామూలు ఫిల్లింగ్ బరువులో సుమారు నాలుగింట మూడు వంతులు ఆ రేణువులే.

మట్టి అంటిన కంకరకు సిమెంటు పట్టదని మన మేస్త్రీలకు తెలుసు. అందుకే కంకర కడిగిస్తారు. గాజుకూ రెజిన్‌కూ కూడా వాటంతట అవి పొత్తు కుదరదు. అమెరికాలో రాఫెల్ బోవెన్ సిలికా పొడికి సిలేన్ అనే పూత పూసి, తాను తయారుచేసిన కొత్త రెజిన్‌లో కలిపి, 1962లో పేటెంటు పొందారు. ఆ పూత ఒక చేత్తో గాజును, మరో చేత్తో రెజిన్‌ను పట్టుకుంటుంది. అది లేకపోతే నమిలేకొద్దీ రేణువులు ఊడి వస్తాయి.

"రాయిలాంటిది పెట్టండి బాబూ" అని పెద్దవాళ్ళు అడుగుతారు. పన్ను మాత్రం రాయి కాదు. పైనున్న పింగాణి పొర చాలా బిగువైనది, దాని సాగుదల గుణకం, అంటే వంచితే ఎంత ఎదురొడ్డుతుందో చెప్పే కొలత, సుమారు 80 గిగాపాస్కల్‌లు. దాని కింది డెంటిన్‌ది 20 లోపే. నమిలినప్పుడు పన్ను కొద్దిగా వంగుతుంది, మళ్ళీ యథాస్థితికి వస్తుంది. దానితోపాటు వంగి, దానితోపాటు తిరిగి రాగలిగిన పదార్థం మనకు కావాలి. కాంపోజిట్‌లు ఎక్కువగా 10 గిగాపాస్కల్‌ల అటూ ఇటూ ఉంటాయి, అంటే డెంటిన్ కన్నా కాస్త మెత్తన. మరీ మెత్తనిదైతే భారమంతా పంటి గోడల మీదే పడుతుంది.

ఇక విరిగే బలం. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 2 మిల్లీమీటర్ల మందం, 25 మిల్లీమీటర్ల పొడవు ఉన్న కడ్డీని తయారుచేస్తారు. ఇంచుమించు అగ్గిపుల్ల అనుకోండి. 37 డిగ్రీల నీటిలో ఒక రోజు ఉంచి, రెండు ఆధారాల మీద పెట్టి నడుమ నొక్కుతారు. నమిలే తలం మీద వాడే రకం కనీసం 80 మెగాపాస్కల్‌లు ఓర్చుకోవాలి. ఆ పుల్ల మీద అది రెండు కిలోల పైచిలుకు బరువు. చిన్నదిగా అనిపించవచ్చు, కానీ అది అంత సన్నని కడ్డీ. ఆవకాయ టెంక కొరికినప్పుడు భారమంతా ఒకే బిందువు మీద పడుతుంది. ఆ ఒక్క కాటు కన్నా రోజూ వక్క నమలడమే ఎక్కువ చేటు. సన్నని పగులు ఒకటి మొదలై, ప్రతి నములుడుకూ ఇంత చొప్పున ముందుకు పాకుతుంది.

ఇన్ని అంకెలూ ట్యూబులో ఉన్న పదార్థానివి. నోట్లోకి వెళ్ళాక ఎంత బలం మిగులుతుందన్నది మా చేతిలో ఉంది. ఈ సాయంత్రం నేను వచ్చింది ఈ మాట చెప్పడానికే.

ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో మంగళగిరి నుంచి ఒకామె వచ్చారు. దవడ పన్నులో లోతైన గుంట. బయట జనం, నాకు తొందర. గుంటంతా ఒకేసారి నింపి నీలి దీపం పెట్టాను. పైన గోరుతో గీస్తే గాజులా ఉంది. కొన్ని నెలలకు ఆమె బుగ్గ పట్టుకుని తిరిగి వచ్చారు. తవ్వి చూస్తే అడుగున పనిముట్టుకు మైనంలా తగిలింది. పైన రాయి, కింద మైనం. ఆ తప్పు పూర్తిగా నాది.

కాంపోజిట్ గట్టిపడేది వెలుగుతో. అందులో కాంఫర్‌క్వినోన్ అనే పసుపుపచ్చని పదార్థం ఉంటుంది. మనం హారతికి వెలిగించే కర్పూరానికి అది రసాయన బంధువు. సుమారు 470 నానోమీటర్ల నీలి వెలుగును అది పీల్చుకుని రెజిన్ అణువులను గొలుసుగా కట్టడం మొదలుపెడుతుంది. లోపలికి వెళ్ళేకొద్దీ వెలుగు తగ్గిపోతుంది. అందుకే మామూలు రకాన్ని 2 మిల్లీమీటర్ల పొరలుగా వేసి, ప్రతి పొరకూ విడిగా దీపం పెట్టాలి. 4 మిల్లీమీటర్ల వరకు ఒకేసారి నింపగల రకాలు వచ్చాయి, కానీ వాటికీ హద్దు ఉంది. అన్నీ సరిగా చేసినా కలవాల్సిన బంధాలలో 50 నుంచి 75 శాతమే కలుస్తాయి. దీపం కొస మీద ఎండిన రెజిన్ అంటుకుని ఉన్నా, చేయి పక్కకు జరిగినా ఆ పాటి కూడా దక్కదు.

పైగా గట్టిపడేటప్పుడు ఇది కుంచించుకుపోతుంది. ఘనపరిమాణంలో రెండు మూడు శాతం. గుంటకు నాలుగు గోడలు, ఒక అడుగు. అయిదింటికీ అంటుకున్న పదార్థం కుంచించుకుంటే ఏదో ఒకచోట ఊడాలి, లేదా గోడలను లోపలికి లాగాలి. ఫిల్లింగ్ అయిన మర్నాడు అన్నం నమిలితే కలుక్కుమనడానికి ఒక కారణం ఇదే. ఒక్కో పొరను తక్కువ గోడలకు తగిలేలా ఏటవాలుగా పెడితే ఆ లాగుడు తగ్గుతుందని మాలో చాలామంది నమ్మి చేస్తాం. నేనూ చేస్తాను.

ఈ బల్ల మీద రెండు స్తంభాలు ఉంచాను. రెండూ 6 మిల్లీమీటర్ల పొడవువే, ఇవాళ ఉదయం ఒకే ట్యూబుతో చేసినవి. ఎర్ర దారం కట్టినదానికి ఒక చివర నుంచి 20 సెకన్లు ఒకేసారి వెలుగు పెట్టాను. రెండోదాన్ని మూడు పొరలుగా కట్టాను. ముందుకు రండి, పక్కనున్న ప్లాస్టిక్ చెంచాతో అడుగు వైపు గీరి, మిగిలినదాన్ని స్కేలుతో కొలవండి. మెత్తగా ఉన్న చోట వేలు పెట్టకండి, గట్టిపడని రెజిన్ కొందరి చర్మానికి పడదు.