ఆర్కైవల్ అని రాసేస్తే అయిపోద్దా?

హోస్ట్: అక్కా, కాండిన్‌స్కీ అనే పెయింటర్ బొమ్మకి ప్రింట్ ఒకటి కొందామని చూస్తుంటే ప్రతిదానికీ ఆర్కైవల్ (అంటే ఏళ్ళ తరబడి పాడవదని), మ్యూజియం క్వాలిటీ, జిక్లే అని తగిలించేస్తున్నారు, అసలు ఏది నమ్మాలి?

గెస్ట్: ఆ మాటలు ఎవడైనా రాసుకోవచ్చు రా. నువ్వు అడగాల్సింది పేపర్ ఏంటి, ఇంక్ ఏంటి, అంతే. పేపర్ వంద శాతం కాటన్, యాసిడ్ లేనిది అయ్యుండాలి, ఎందుకంటే చెక్క గుజ్జులో లిగ్నిన్ ఉంటది, పాత న్యూస్‌పేపర్ పచ్చబడేది దానివల్లే. ఇంక్ పిగ్మెంట్ అయ్యుండాలి, అంటే సన్నని రంగు పొడితో చేసింది, కరిగిపోయే రంగైన డై కాదు, అది తొందరగా వెలిసిపోద్ది.

హోస్ట్: జిక్లే అంటే పిగ్మెంటే కదా?

గెస్ట్: అబ్బే! 1991లో జాక్ డగన్ అనే ప్రింట్‌మేకర్ పెట్టిన పేరది, ఫ్రెంచ్‌లో చిమ్మడం అనే మాట నుంచి. అప్పటి ఐరిస్ అనే ఇంక్‌జెట్ ప్రింటర్లలో డై ఇంకులే, మొదట్లో వేసినవి తొందరగా వెలిసిపోయాయి కూడా.

హోస్ట్: సరే గానీ, మనిషో చెట్టో లేని ఇలాంటి అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలో రంగు కాస్త అటూ ఇటూ అయితే ఎవడికి తెలుస్తుంది?

గెస్ట్: అదిగో, అక్కడే బోల్తా పడేది! మనిషి బొమ్మైతే రంగు మారినా ముఖం ముఖమే. అదే మోండ్రియన్ అనే పెయింటర్ అబ్‌స్ట్రాక్ట్ బొమ్మలో ఏముంది, నల్ల గీతలు, రెండు మూడు రంగులు, మిగతాదంతా తెలుపు, ఆ తెలుపు పాడైతే ఇంకేం మిగిలింది చెప్పు? నేను అలాగే దెబ్బతిన్నా. ఒక ప్రింట్ ఆర్కైవల్ అన్నారని కొని కిటికీ ఎదురుగా పెట్టా, మూడేళ్ళకి ఎందుకో ఫ్రేమ్ విప్పితే మౌంట్ బోర్డ్, అదే బొమ్మ చుట్టూ పెట్టే అట్ట, దాని కింద దాక్కున్న అంచు మల్లెపూవులా ఉంది, మధ్యదంతా మీగడ రంగు.

హోస్ట్: అయ్యో, ఎందుకలా?

గెస్ట్: తెల్లగా కనబడాలని పేపర్లో బ్రైట్‌నర్ కలుపుతారు, వెలుగు తగిలేకొద్దీ అది చచ్చిపోయి కాగితం అసలు రంగు బయటపడుద్ది. యూవీ టార్చ్ వేస్తే నీలంగా మెరుస్తుంది చూడు, అదే బ్రైట్‌నర్ ఉందని గుర్తు.

హోస్ట్: మరి 12/50, అంటే యాభైలో పన్నెండోది అని పెన్సిల్‌తో నంబర్ వేసి ఎక్కువ అడుగుతున్నారు?

గెస్ట్: కాండిన్‌స్కీ, మోండ్రియన్ ఇద్దరూ 1944లోనే పోయారు, ఇప్పుడేసిన ప్రింట్‌కి ఆ నంబర్ ప్రింటర్ వేసుకున్నదే కదా! బతికున్న ఆర్టిస్ట్ చూసి సంతకం పెడితే అది వేరే లెక్క, దానికి ఎక్కువిచ్చినా నాకు బాధ లేదు.

హోస్ట్: ఇంతకీ ఆ పచ్చబడ్డదాన్ని ఏం చేశావ్?

గెస్ట్: ఏం చేస్తాం, కిటికీ లేని గోడ చూసి తగిలించా.