తలుపు వెనుక ఏముందో నన్నడగకండి

శ్రోతలకు నమస్కారం.

ఒక బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు దొంగ, ఒకరు మంత్రవేత్త, ఇంకొకరు కత్తి పట్టిన యోధురాలు. అంతా మాటల్లోనే. గేమ్ మాస్టర్ అనే వ్యక్తి ఆ లోకాన్ని వర్ణిస్తూ ఉంటే, మిగతావారు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు. ఎటూ తేలని చోట పాచికలు వేస్తారు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ల ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ వెలువడినప్పటి నుంచి, రోల్ ప్లేయింగ్ గేమ్స్ అనే ఈ ఆటల మూలరూపం దాదాపు ఇదే.

అది యుద్ధవ్యూహాల ఆటల కడుపున పుట్టింది కనుక కొలతలూ లెక్కలూ దానికి పుట్టుకతోనే వచ్చాయి. నియమాలు లెక్కలు చూడటానికి కాదు, కథను నడపడానికే ఉండాలి అన్నవారు తర్వాత వచ్చారు. వారి ఆటలు నేనూ ఆడాను, కొన్నింటిని ఇష్టపడ్డాను కూడా. కానీ అవి నచ్చనివారికి ఊహాశక్తి లేదని తేల్చేస్తుంటారే, ఆ మాటే నాకు మింగుడుపడదు.

‘ఫేట్’ అనే ఆటనే తీసుకోండి. అందులో మీ పాత్ర స్వభావాన్ని చిన్న వాక్యంగా రాసుకుంటారు. ‘ఊరంతా అప్పులే’ అని రాశారనుకుందాం. మంచి అదను చూసి గేమ్ మాస్టర్, పాచికలు మొరాయించినప్పుడు వాడుకునే ఒక ఫేట్ పాయింటు మీ ముందుకు జరిపి, ‘అప్పులవాడు ఇప్పుడే ఎదురైతే?’ అంటారు. సరేనంటే పాయింటు మీది, కష్టం మీ పాత్రది. వద్దంటే మీ పాయింటే ఒకటి వదులుకోవాలి. కథకుడికి ఇది ముచ్చటైన బేరం. కానీ పాత్ర వైపు నుంచి చూడండి. అప్పులవాడి నీడ పడితే సందులోకి తప్పుకునే మనిషి, వాడిని తానే పిలిచి కుర్చీ వేయాలి! పరకాయ ప్రవేశం కోసం వచ్చిన ఆటగాడిని మాటిమాటికీ సొంత ఒంట్లోకి లాగినట్టే కదా.

దొంగల ముఠాల కథలు ఆడే ‘బ్లేడ్స్ ఇన్ ద డార్క్’ది మరో దారి. దోపిడీకి ముందు గంటల తరబడి పథకాలు వేయనక్కరలేదు. కాపలావాడు అడ్డొస్తే, ‘ఇతనికి నిన్ననే లంచం ఇచ్చాను’ అని గతాన్ని అప్పటికప్పుడు చేర్చవచ్చు. అందుకు తగినంత ‘స్ట్రెస్’, అంటే పాత్ర మీద పడే ఒత్తిడి, భరించాలి, అవసరమైతే పాచికలూ వేయాలి. తెలివైన ఏర్పాటే, సమయమూ మిగులుతుంది. అయితే కొందరికి ఆ గంటల చర్చే ఆట. నక్షా పరిచి, ఏ కిటికీకి గడియ లేదో కనిపెట్టి, ఆ ఎత్తు పారినప్పుడు కలిగే ఆనందం, గతాన్ని తర్వాత అతికిస్తే రాదు.

మా బల్ల దగ్గర ఒక మిత్రుడు ఉండేవాడు. మామూలుగా మితభాషి, కానీ ఆటలో అతని కళ్లు గప్పడం ఎవరి తరమూ కాదు. ఒకసారి కథాప్రధానమైన ఆట నడుపుతూ, అతని పాత్ర ఒక తలుపు ముందు నిలబడగానే, ‘వెనుక ఏముందో నువ్వే చెప్పు’ అన్నాను. గౌరవం ఇస్తున్నానని నా భావన. అతను చాలాసేపు పాచికలను వేళ్ల మధ్య తిప్పి, ‘నేను చెబితే ఇక అక్కడ ఏమీ లేనట్టే కదా’ అన్నాడు.

ఆ మాట నన్ను చాలాకాలం వదల్లేదు. చిక్కుముడి వేసేవాడూ విప్పేవాడూ ఒకడే అయితే విప్పడంలో రుచి ఏముంటుంది? పైగా, అందరి చూపులూ తన మీద ఉండగా అప్పటికప్పుడు కథ అల్లడం కొందరికి పరీక్ష హాలును గుర్తుచేస్తుంది.

ఇప్పుడు ఆట మొదలుపెట్టే ముందే, కథ అల్లడంలో ఎవరు చేయి వేస్తారని అడుగుతాను. ఉత్సాహం ఉన్నవారికి తలుపులు అప్పగిస్తాను. ఆ మిత్రుడి వంతు వచ్చేసరికి మాత్రం అవతల ఏముందో నా కాగితంలో ముందే రాసి ఉంటుంది. అతను తలుపు తీయడు. ముందు చెవి ఆనించి, ‘ఏమైనా వినిపిస్తోందా?’ అని అడుగుతాడు.