పాతిక ఓట్ల సీటు, బాబాయ్ పోస్టల్ ఓటు

చిన్నా: నమస్కారం. విజయవాడ సత్యనారాయణపురం మేడ మీద నుంచి మళ్ళీ మేమే. కుర్చీ కిర్రుమంటోందని రాసినవాళ్ళకి చెప్పేదేంటంటే, కుర్చీ మార్చలేదు.

బాబాయ్: మార్చం కూడా.

చిన్నా: ఇవాళ మన విజయవాడ సెంట్రల్ మాజీ ఎమ్మెల్యే మల్లాది విష్ణు గారి రాజకీయ ప్రయాణం. అడిగింది మీరే. బాబాయ్, బీకాంలో ఫిజిక్స్ చదివానన్న ఎమ్మెల్యే జోకు మాత్రం వద్దు.

బాబాయ్: అది విజయవాడ వెస్టు సీటు సంగతిరా. మనం సెంట్రల్. ఆ మాత్రం నాకు తెలీదా?

చిన్నా: సరే, మొదలెడతా. విష్ణు గారు ముందు ఉడా, అంటే పట్టణాభివృద్ధి సంస్థ, ఛైర్మన్‌గా చేశారు. నియోజకవర్గాల పునర్విభజనలో సెంట్రల్ సీటు కొత్తగా వచ్చింది, 2009లో కాంగ్రెస్ నుంచి ఆయనే మొదటి ఎమ్మెల్యే. ప్రజారాజ్యం నుంచి నిలబడ్డ వంగవీటి రాధాకృష్ణ గారి మీద వెయ్యి ఓట్ల లోపు తేడా. 2014లో టీడీపీ నుంచి బొండా ఉమామహేశ్వరరావు గారు ఇరవై వేల పైన మెజారిటీతో వచ్చారు. విష్ణు గారు తర్వాత వైఎస్సార్‌సీపీలో చేరి, 2019లో ఉమా గారి మీద గెలిచారు. ఎన్ని ఓట్లతో బాబాయ్?

బాబాయ్: పాతిక.

చిన్నా: పాతిక వేలు కాదండీ, పాతిక. ఇరవై అయిదు. మన వీధి చివర పునుగుల బండి దగ్గర సాయంత్రం అంతకంటే ఎక్కువ మంది ఉంటారు.

బాబాయ్: అందులో నా ఓటు లేదు.

చిన్నా: మొదలైంది.

బాబాయ్: మొదలవడం కాదు, వినేవాళ్ళకి పనికొస్తుంది. ఎన్నికల డ్యూటీ పడ్డ టీచర్లు ఇప్పటికీ చేసే పొరపాటే ఇది. పోస్టల్ బ్యాలెట్‌కి రెండు కవర్లుంటాయి. చిన్న కవర్లో బ్యాలెట్ పెట్టి అంటించాలి. 13-ఎ అని డిక్లరేషన్ ఉంటుంది, దాని మీద మనం సంతకం పెట్టి గెజిటెడ్ ఆఫీసరు చేత అటెస్ట్ చేయించాలి. ఆ కాగితాన్ని, చిన్న కవర్నీ విడివిడిగా పెద్ద కవర్లో పెట్టాలి. నేను డిక్లరేషన్ కూడా చిన్న కవర్లోనే దూర్చేసి జిగురు అంటించా.

చిన్నా: ముప్పై ఏళ్ళు పిల్లలకి అప్లికేషన్లు నింపడం నేర్పావు.

బాబాయ్: నేర్పా. డబ్బాలో వేసి మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది. వెనక్కి వెళ్తే ఏం లాభం, డబ్బాకి తాళం. లెక్కపెట్టేవాడు పెద్ద కవరు విప్పుతాడు, డిక్లరేషన్ కనపడదు. చిన్న కవరు ముట్టుకోకుండానే పక్కన పడేస్తాడు.

చిన్నా: మెజారిటీ తక్కువుంటే తీసేసిన పోస్టల్ ఓట్లు మళ్ళీ చూస్తారు కదా?

బాబాయ్: చూస్తారు. తీసేసిన వాటికంటే మెజారిటీ తక్కువైతే చూసి తీరాలి. చూసినా నా కాగితం లోపలే ఉంటుందిగా! మళ్ళీ పక్కన పడేస్తారు. ఇంకో తమాషా చెప్తా. నేను ప్రిసైడింగ్ ఆఫీసర్ని. ఏజెంట్ల ఎదురుగా తెల్లారకుండానే మాక్ పోల్ పెట్టాలి, అందులో వేయాల్సిన ఓట్లే కనీసం 50. తర్వాత క్లోజ్, రిజల్ట్, క్లియర్. వరసగా నొక్కాలి. క్లియర్ మర్చిపోతే ఉత్తుత్తి ఓట్లు అసలు ఓట్లలో కలిసిపోతాయి. పాతికతో తేలే సీట్లో యాభై ఉత్తుత్తి ఓట్లంటే ఎంత టెన్షనో ఆలోచించు. నేను మూడు సార్లు చూసుకున్నా.

చిన్నా: మిషను మూడు సార్లు చూశావు, కవరు ఒక్కసారీ చూడలేదు.

బాబాయ్: 1989లో అనకాపల్లి ఎంపీ సీటు కొణతాల రామకృష్ణ గారు ఎన్ని ఓట్లతో గెలిచారో తెలుసా? తొమ్మిది. పార్లమెంటు సీటు! ఒక్క ఓటంటే నవ్వులాటగా ఉంది నీకు.

చిన్నా: పోనీ బాబాయ్, నువ్వూ నేనూ ఇద్దరం వేసినా ఆ తేడా పాతికే ఉండేది. నీ పార్టీ వేరు, నా పార్టీ వేరు.

బాబాయ్: నేనెవరికి వేశానో నీకేం తెలుసు? సీపీఎం బాబూరావు గారు లేరా పోటీలో, జనసేన మద్దతుతో?

చిన్నా: ఆయనకా వేశావు?

బాబాయ్: చెప్పను. కవరు విప్పనే లేదు, నేను విప్పుతానా? అయినా నాది రద్దయిన ఓటు. నీది అసలు వెయ్యని ఓటు.

చిన్నా: హైదరాబాద్ నుంచి బస్సు దొరకలేదు. ఏప్రిల్ 11న పోలింగ్ అని అందరూ ఊళ్ళకి బయల్దేరారు, ఎల్బీ నగర్‌లో ఇసకేస్తే రాలలేదు.

బాబాయ్: టికెట్టు దొరికింది. రద్దు చేసుకున్నావు. మీ అమ్మ చెప్పింది.

చిన్నా: ...అమ్మ చెప్పిందా?

బాబాయ్: ఎప్పుడో చెప్పింది. ఆ రోజు నా బూత్‌లో రాత్రి పదకొండయింది. ఒకావిడ చంటిపిల్లని భుజాన వేసుకుని నాలుగు గంటలు నిలబడింది. ముందుకు రామ్మా అంటే, అందరూ నిలబడ్డారు కదండీ అంది. అది చూసొచ్చిన వాణ్ణి, నువ్వు బస్సు దొరకలేదంటే ఏమనాలి?

చిన్నా: ఆఫీసులో గొడవగా ఉందప్పుడు. ఇక్కడికొస్తే అందరూ ఉద్యోగం సంగతి అడుగుతారని ఆగిపోయా.

బాబాయ్: ఆ మాట అప్పుడే చెప్పాల్సింది.

చిన్నా: చెప్తే ఏం చేసేవాడివి?

బాబాయ్: అడగొద్దని చెప్పేవాణ్ణి మీ పిన్నికి. మంచినీళ్ళు తాగు.

చిన్నా: ఊఁ. సరే, విష్ణు గారు. బ్రాహ్మణ కార్పొరేషన్ ఛైర్మన్‌గా కూడా చేశారు. 2024లో టికెట్టు రాలేదు. వెస్టు నుంచి వెలంపల్లి శ్రీనివాస్ గారిని సెంట్రల్‌కి తెచ్చారు. ఉమా గారు 68 వేల పైన మెజారిటీతో గెలిచారు. పాతికతో ఓడిన మనిషి, అయిదేళ్ళకి అదే సీట్లో...

బాబాయ్: గెలిచిన మూడు నెలలు తిరక్కుండానే బుడమేరు వాగు వరద.

చిన్నా: వచ్చేసింది! ఎన్నో నిమిషానికి వస్తుందోనని పందెం కాసినవాళ్ళు టైము రాసుకోండి.

బాబాయ్: నవ్వకు. సెప్టెంబరు ఒకటిన సింగ్ నగర్, పాయకాపురం మునిగాయి. ఎవరికి వేశావని నీళ్ళు అడిగాయా? వాగు నీళ్ళు మళ్ళించే డైవర్షన్ ఛానల్‌కి మూడు గండ్లు పడితే పాయకాపురంలో మీ అత్త ఫ్రిజ్ తేలి మంచానికి ఆనుకుంది. 2005లో కూడా ఇదే బుడమేరు. 2009లో నడిచొచ్చి చెయ్యి కలిపినవాళ్ళని అడిగా, 2014లో అడిగా, 2019లో...

చిన్నా: 2019లో ఓటు కవర్లోనే ఉండిపోయింది.

బాబాయ్: అడగడానికి ఓటెందుకురా? గట్టు ఎంత వెడల్పు ఉండాలో నేను కాగితం మీద గీసి ఇచ్చా.

చిన్నా: ఆ కాగితం ఏ కవర్లో పెట్టావు?

బాబాయ్: చిన్నదాన్లో... ఒరేయ్!

చిన్నా: అబ్బా, దొరికాడు! ఇది మాత్రం కట్ చెయ్యను.

బాబాయ్: ఆపు, ఆపు. కింద కుళాయి వచ్చింది, శబ్దం విను. మోటారు వెయ్యకపోతే మీ పిన్ని...

చిన్నా: బుడమేరు మీదున్న వెలగలేరు రెగ్యులేటర్ గురించి వచ్చే వారమా?

బాబాయ్: ముందు మోటారు వెయ్యరా!