దూదిని నమ్ముకున్న దౌత్యం

శ్రోతలకు నమస్కారం. మొన్న ముషీరాబాద్‌లో మా ఇంటి ముందు పాత పరుపు విప్పించి దూది ఏకించాను. దూదేకే పెద్దాయన చిటికెడు దూది తీసి, రెండు చేతుల వేళ్లతో మెల్లగా సాగదీశాడు. పుటుక్కున తెగింది. "పొట్టి పింజ సార్. పరుపుకైతే బాగుంటది, నూలుకు పనికి రాదు" అన్నాడు. ఆ మాట వినగానే నాకు అమెరికా అంతర్యుద్ధం గుర్తొచ్చింది. ఎందుకో చెబుతాను.

1861లో, బానిసత్వం చేజారిపోతుందన్న భయంతో అక్కడి దక్షిణాది రాష్ట్రాలు విడిపోయి సొంత ప్రభుత్వం పెట్టుకున్నాయి. జెఫర్సన్ డేవిస్ అధ్యక్షుడు. చెప్పుకోదగ్గ నౌకాదళం లేదు, ఫ్యాక్టరీలు తక్కువ. ఉన్నదల్లా పత్తి. బ్రిటన్ మిల్లులకు వెళ్లే పత్తిలో ఐదింట నాలుగు వంతులు దాదాపు అమెరికాదే. అది ఆపేస్తే ఇంగ్లండు కాళ్లబేరానికి వస్తుందని, తమను దేశంగా గుర్తిస్తుందని లెక్క వేసుకున్నారు. పండిన పత్తిని ఓడలెక్కించలేదు. కొంత తగలబెట్టారు కూడా.

అంతకుముందు పంటలు విరగపండి లివర్‌పూల్ గోదాములు నిండుగా ఉన్నాయి. అవి తరిగేసరికి ఈజిప్టు నుంచి, మన బొంబాయి నుంచి బేళ్లు కదిలాయి. నిజాం దగ్గర నుంచి 1853లో ఈస్టిండియా కంపెనీ తన చేతుల్లోకి తీసుకున్న బేరార్ (నేటి మహారాష్ట్రలోని ప్రాంతం) కూడా పత్తి నేలే. మన పత్తి పొట్టి పింజ. ఇంగ్లండులో మిల్లులున్న లాంకషైర్ ప్రాంతపు మరల మీద పోగు తెగిపోయేది, కార్మికులు విసిగిపోయేవారు. అయినా అదే దిక్కయింది.

ఇక రాయబారుల సంగతి. జేమ్స్ మేసన్‌ను లండన్‌కు, జాన్ స్లైడెల్‌ను పారిస్‌కు పంపారు. 1861 నవంబరులో వాళ్లు ఎక్కిన బ్రిటిష్ ఓడ ట్రెంట్‌ను ఉత్తరాది యుద్ధనౌక ఆపి ఇద్దరినీ పట్టుకుపోయింది. బ్రిటన్ మండిపడింది. యుద్ధం వస్తుందేమోనని అంతటా టెన్షన్. ఉత్తరాదిని నడిపిస్తున్న అధ్యక్షుడు లింకన్ ప్రభుత్వం వాళ్లను వదిలేసింది, గొడవ చల్లారింది. మేసన్ లండన్ చేరాడు గానీ, గుర్తింపు మాత్రం దొరకలేదు. 1863లో అక్కడి నుంచి వెళ్లిపోయాడు.

నా మనసును పట్టేసేది మాంచెస్టర్. పత్తి లేక మిల్లులు మూతపడి కార్మికులు పస్తులున్నారు. దక్షిణాదిని గుర్తిస్తే పత్తి వస్తుందన్నవాళ్లూ వాళ్లలో లేకపోలేదు. అయినా 1862 డిసెంబరు 31న అక్కడ సభ పెట్టుకుని, బానిసల విడుదలను సమర్థిస్తూ లింకన్‌కు లేఖ రాశారు. కడుపు కాలుతున్నవాళ్లు రాసిన లేఖ అది. మరుసటి రోజే లింకన్ విముక్తి ప్రకటన వెలువడింది. ఆ తర్వాత దక్షిణాది పక్షాన నిలవడమంటే బానిసత్వం పక్షాన నిలవడమే అయింది. ఏ బ్రిటిష్ మంత్రికీ అది తేలిక కాదు.

ఈ సంగతి దక్షిణాదికీ చివరికి అర్థమైంది. 1865 మొదట్లో డంకన్ కెన్నర్ అనే లూసియానా ఆసామిని రహస్యంగా యూరప్‌కు పంపారు. ఆయన దగ్గరే వందలమంది బానిసలున్నారు. మారువేషంలో, శత్రువుల ఊరైన న్యూయార్క్ మీదుగానే ఓడెక్కాడు. తీసుకెళ్లిన కబురు ఇది: మమ్మల్ని గుర్తించండి, బానిసలను వదిలేస్తాం. ఫ్రాన్స్ చక్రవర్తి ఇంగ్లండు వైపు వేలు చూపాడు. మార్చి 14న మేసన్ మళ్లీ లండన్ వచ్చి బ్రిటిష్ ప్రధాని పామర్‌స్టన్‌ను కలిశాడు. కుదరదన్నాడాయన. నాకు కోపం వచ్చేది ఇక్కడే. లక్షల మంది స్వేచ్ఛ నాలుగేళ్లుగా వాళ్ల చేతుల్లోనే ఉంది. అన్నీ పోయాక దాన్ని బేరానికి పెట్టారు.

నెల తిరగకుండానే, ఏప్రిల్ 9న, దక్షిణాది సేనాని లీ లొంగిపోయాడు. పసిఫిక్‌లో తిరుగుతున్న వాళ్ల యుద్ధనౌక షెనాండోవాకు యుద్ధం ముగిసిపోయిందన్న ఖాయమైన కబురు ఆగస్టు దాకా అందనే లేదు. స్వదేశానికి వెళ్తే ఉరి తప్పదనుకుని, సగం ప్రపంచం చుట్టి ఇంగ్లండు చేరింది. 1865 నవంబరు 6న దాని జెండా దించారు. ఆ రేవు లివర్‌పూల్, ఒకప్పుడు వాళ్ల పత్తి దిగిన చోటు.